ఆలస్యం – అమృతం – విషం : డిస్కుల పోటీ నేర్పు పాఠం

సమాచారమును ఒక కంప్యూటరు నుండి మరొక దానికి చేతితో కొనిపోవుటకు వెనుక ఫ్లాపీ డిస్కులే ఆధారం. వాటిలో పట్టునది 1.44 మెగాబైట్లు మాత్రమే. ఈ కొరతను తీర్చుటకు 1990 దశకమున అమెరికాలో సాగిన పోటీని మనమిచట పరిశీలింతము.

సయ్యద్ ఇఫ్తికార్ 1982లో సైక్వెస్ట్ సంస్థను స్థాపించిరి. సంస్థ పేరులోని ‘సై’ ఆయన పేరు నుండి గ్రహించినదే. 1995లో అయోమెగా సంస్థ 100 మెగాబైట్ల జిప్ డ్రైవును విడుదల చేసినది. అదే సంవత్సరం సైక్వెస్ట్ 135 మెగాబైట్ల డ్రైవుతో బదులిచ్చినది. సామర్థ్యం అధికమే, కాని కొన్ని మాసముల ఆలస్యం జరిగినది. డిస్కులు ఇచ్చిపుచ్చుకొనువారికి పదిమంది వద్దనున్న సాధనమే కావలెను గదా! అందుచే జిప్ వ్యాపించినది. సైక్వెస్ట్ 1998లో దివాలా తీసినది.

ఇఫ్తికార్ కాసిల్‌వుడ్ సంస్థను నెలకొల్పి, 1997లో 2.2 గిగాబైట్ల ఆర్బ్ డ్రైవును ప్రకటించిరి. అది చెప్పిన గడువుకు అందలేదు. ఇంతలో సి.డి.పై వ్రాయు యంత్రములు చౌకబడినవి.

అట్లని తొందరయు మేలు కాదు. సోనీ సంస్థ 1998లో తెచ్చిన 200 మెగాబైట్ల హైఎఫ్‌డి డ్రైవును లోపములవలన వెనుకకు తీసికొని సవరింపవలసి వచ్చినది. 2000 సంవత్సరమున పెన్‌డ్రైవులు వచ్చిన పిమ్మట జిప్ వైభవమును క్రమముగా అంతరించినది.

విద్యార్థులారా! ప్రతిభ ఒక్కటియే చాలదు. పని పక్వము కావలెను, వేళకును అందవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను శ్రమ ఫలింపదు.