ఆ ఫొటో అమ్మాయిది

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఒక ఆదివారం చేశాం. ఆ రాత్రే నేను ఫోన్‌లో స్టేటస్ పెట్టాను. పూలజడ, వంకాయరంగు పట్టు ఓణీ, పక్కన చిమ్మిలి పళ్లెం, సిగ్గుతో దించుకున్న తల. పొద్దుటికి నూట నలభైమంది చూశారు. మంగళవారం బడి నుంచి వచ్చి, బ్యాగైనా దించకుండా, "అమ్మా, మా క్లాసు అబ్బాయిల దగ్గర నా ఫొటో ఉంది" అంది. ఎవరి అమ్మ ఫోన్‌లోంచో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేశారట. ఆ ఫంక్షన్ ఎందుకు చేస్తారో పదమూడేళ్ల పిల్లలకు తెలుసు. స్టేటస్ తీసేశాను. కానీ వాళ్ల ఫోన్లలో ఉన్నదాన్ని ఏం చేయగలను?

వేడుకలు మానేయమని చెప్పడం లేదు. చుట్టాలకు చూపించుకోవాలని ఏ తల్లికి ఉండదు? ఆ రోజు నేను మరిచిపోయింది ఒక్కటే, అమ్మాయిని అడగడం.

ఇంటర్నెట్‌లో మన హక్కులు అనగానే ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు, కోర్టులు గుర్తొస్తాయి. పోరాటం అక్కడ జరుగుతున్న మాట నిజమే. ఆధార్‌ విషయంలో 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామికి అప్పటికే ఎనభై దాటాయి. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అది పెద్దవాళ్లకే అనుకుంటాం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పదహారో అధికరణం పిల్లలకూ గోప్యత ఉందని చెబుతోంది. మన దేశం 1992లో అందులో చేరింది. ఫ్రాన్స్ అయితే 2024లో ఏకంగా తల్లిదండ్రుల కోసమే చట్టం చేసింది. పిల్లల ఫొటోల మీద హక్కును ఇద్దరూ కలిసి కాపాడాలి, వయసునుబట్టి పిల్లల మాటా వినాలి అని. "నా బిడ్డ, నా ఇష్టం" అనే మాట అక్కడ చెల్లదు.

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటాడి కనిపెట్టడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలన్నీ అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. కాబట్టి రేపు మీ బిడ్డ తరఫున "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేది మీ వేలే.

ఇక్కడే మనలో చాలామంది తెలియక ఒక పొరపాటు చేస్తున్నాం. పదేళ్ల పిల్లాడు గేమ్ కోసం మారాం చేస్తే, పుట్టిన సంవత్సరం మార్చి అకౌంటు తెరిచి ఇస్తాం. ఆ క్షణం నుంచీ ఆ కంపెనీ లెక్కలో వాడు పెద్దవాడు. పిల్లల కోసం రాసిన రక్షణ వాడి దాకా చేరదు. దయచేసి అసలు పుట్టినతేదీయే ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఆ గేమ్ వాడికి ఇంకా తగదన్నమాట. రంగులు వేసుకునే యాప్ మీ ఫోన్‌లోని నంబర్లన్నీ ఎందుకు అడుగుతోందో వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, వద్దని వాడి చేతే నొక్కించండి.

ఈ భయాలన్నీ విని ఫోన్ లాక్కుంటే సరి అనుకోకండి. 2019లో కేరళలో, కోజికోడ్ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ ముట్టకూడదని నియమం పెట్టారు. ఒప్పుకోనన్న డిగ్రీ అమ్మాయిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ గోప్యతలోనూ భాగమేనని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది కోర్టు. ఆమె మేజర్, మన ఎనిమిదో తరగతి పిల్ల కాదు, నిజమే. ఇంట్లో నియమాలు ఉండాల్సిందే. కానీ ఎందుకో చెప్పి పెట్టండి. పిల్లలు నిద్రపోయాక దొంగతనంగా వాళ్ల మెసేజ్‌లు చదవకండి. "వారానికోసారి ఇద్దరం కలిసి చూద్దాం" అని ముందే చెప్పండి. చాటుగా చదివిన సంగతి బయటపడిన రోజు నుంచి వాళ్లు మీకేమీ చెప్పరు. నిజంగా ఆపద వచ్చిన రోజున కూడా.

ఆ ఆపద వస్తే, "నువ్వు ఫొటో ఎందుకు పంపావు?" అన్న ప్రశ్న ఆ పూటకు మింగేయండి. ముందు అన్నం పెట్టండి. స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పిల్లల అసభ్య చిత్రాల గురించైతే పేరు చెప్పకుండానే చేయవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మొన్న సంక్రాంతికి ముగ్గు పక్కన అమ్మాయిని నిలబెట్టి ఫొటో తీశాను. పెట్టనా అని ఫోన్ దాని చేతికిచ్చాను. వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. వెనక గేటు మీద మా ఇంటి నంబరు, పక్కన స్కూటీ నంబరు ప్లేటు. రెండూ పోయేలా కత్తిరించింది. తన ముఖం కూడా పోయింది. "ముగ్గు వరకే పెట్టమ్మా" అంది. ముగ్గు వరకే పెట్టాను.