కొనే ముందు పెరట్లో వెతకండి

వరంగల్‌లో కరీమాబాద్ వైపో, కాశిబుగ్గ వైపో ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్లకు నాలుగు కోళ్లు పెంచాలనిపించడం సహజం. అనుకోగానే బజారుకు పరుగెత్తుతారు. ప్లాస్టిక్ నీళ్ల డబ్బా, దాణా తొట్టి, జాలీ గూడు, సంచెడు దాణా. మొదటి గుడ్డు కళ్లచూడకముందే వేలు కరిగిపోతాయి. తీరా టీకా వేయించాల్సిన రోజు వచ్చేసరికి ‘నాలుగు కోళ్లకు టీకా దేనికిలే’ అని ఊరుకుంటారు. కొక్కెర తెగులు వాడలోకి వచ్చిందంటే గూడు ఖాళీ. ఎక్కడ చెయ్యి బిగించాలో, ఎక్కడ విప్పాలో తెలియడమే పొదుపు. పెరటి కోళ్లు ఈ విద్యను త్వరగా నేర్పుతాయి.

ఖర్చులో సింహభాగం దాణాదే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టండి. ఈ సాయంత్రం తొట్టి చుట్టూ నేల చూడండి. కోడి ముక్కుతో ఎగజిమ్మిన నూకలు మట్టిలో కలిసి కనిపిస్తాయి. తొట్టి నిండా పోయడం మానండి, మూడో వంతు చాలు. కింద ఇటుకలు పేర్చి, తొట్టి అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా పెట్టండి. చిమ్మడం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

కోడిపిల్లలకు మాంసకృత్తులు కావాలా? మన పల్లెల్లో పెద్దవాళ్లకు తెలిసిన ఉపాయం ఉంది. పాత కుండలో తడి గోనెపట్టా ముక్క, ఎండుపేడ, కాస్త గడ్డి కుక్కి, చెదలున్న చోట పొద్దుగూకాక బోర్లించండి. తెల్లారి ఎండెక్కకముందే తీసి పిల్లల ముందు దులపండి. అవి ఎగబడి తినడం చూడవలసిందే! చెదల మందు చల్లిన చోట మాత్రం ఈ పని వద్దు.

వరి పండే జిల్లా మనది. నూకలు, తవుడు, గూట్లో పరవడానికి ఊక రైస్ మిల్లుల దగ్గర దొరుకుతాయి. తవుడు నిల్వ ఉంటే ముక్కిపోతుంది, కొంచెం కొంచెంగానే తెచ్చుకోండి. తీసేసిన ఊక మాగాక చిక్కుడు పాదుకు మంచి ఎరువు.

చౌకగా వస్తున్నాయని బూజుపట్టిన మక్కలు మాత్రం తేకండి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో బూజు వల్ల పుట్టిన విషమే కారణం. దానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. పత్తి మన దగ్గర విరివిగా పండుతుంది కదా అని పత్తిగింజల చెక్క పెట్టడం కూడా మంచిది కాదు. అందులోని గాసిపాల్ కోళ్లకు హాని చేస్తుంది, గుడ్డు సొన రంగూ మారుస్తుంది.

జాతి ఎంపికలోనూ డబ్బుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ నయం. ఏటా పిల్లల్ని కొనడం ఇష్టం లేకపోతే ఒకటో రెండో నాటు పెట్టల్ని ఉంచుకోండి. కరెంటు బల్బు అక్కర్లేకుండా 21 రోజులు పొదిగి, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని అవే సాకుతాయి.

ఇక చెయ్యి విప్పాల్సిన చోట్లు. ముంగిస, పిల్లి దూరని గట్టి తలుపు ఒకటి. కొక్కెర తెగులు టీకా రెండోది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ. దీనికి వెనకాడటం నాకు బొత్తిగా నచ్చని పొదుపు. చిక్కల్లా సీసాతోనే. ఒక్క సీసాలో వంద కోళ్లకో, అంతకు మించో సరిపడా మందు ఉంటుంది. కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాల్సిందే. అందుకే వాడలో కోళ్లున్న పది ఇళ్లు కలిస్తే తలా కొంచెం పడుతుంది. దగ్గరి పశువైద్యశాలలోనో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో తేదీలు అడిగి తెలుసుకోండి. ఆ పది ఇళ్ల పేర్లు ఈ రాత్రే రాసుకోండి. మందు చల్లగా తేవడానికి ఐసు డబ్బా ఎవరింట్లో ఉందో కూడా కనుక్కోండి.