నోటిమాటయు సంతకమును

ప్రభుత్వ నిర్మాణశాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పదవి దక్కిన యువకుడు, తన క్రింది వారిని కఠినముగా నడపుదునా, మెత్తగా నడపుదునా యని తర్కించుకొనుచుండును. 1939లో కర్ట్ లెవిన్ ప్రభృతులు బాలుర సంఘములను పరిశీలించి నాయకత్వము నిరంకుశము, ప్రజాస్వామికము, ఉదాసీనము అని మూడు తెఱగులనిరి, వినుటకు బాగున్నది. మన శాఖలో మాత్రము నాయకుని తెఱగు ఆడిట్ అభ్యంతరము వచ్చిననాడే బయటపడును.

పునాది త్రవ్వుచుండగా మెత్తనేల తగిలి, అంచనాలో లేని లోతునకు పోవలసివచ్చును. పై యధికారి జీపు దిగకయే "కానిండు, తరువాత చూతము" అని సాగిపోవును. కాంక్రీటు పడిన పిమ్మట ఆ లోతు ఎవ్వరికిని కానరాదు, ఎం.బుక్కులో, అనగా కొలతల పుస్తకమున, కొలత వ్రాసిన అసిస్టెంటు ఇంజనీరే యేండ్ల తరువాత సంజాయిషీ చెప్పుకొనవలయును. నా తొలి యుద్యోగమున, ఇట్టి మాట అన్నవారు బదిలీపై వెడలినపిదప, నేనొక్కడనే బదులు చెప్పుకొంటిని. ఆ చేదు నేటికిని పోలేదు. ఇందు నా స్వరము హెచ్చినచోట పాఠకులు మన్నింతురు గాక.

నాటినుండి నేను పట్టిన వ్రతమొక్కటే: పనిస్థలమున నిచ్చిన ప్రతి యాదేశమును అచ్చటనే నిలిచి, సైట్ ఆర్డర్ పుస్తకమున స్వహస్తముతో వ్రాసి, తేదీతో సంతకము చేయుట, మార్పు నా యధికారమును మించినచో ఆ సాయంకాలమే సూపరింటెండింగ్ ఇంజనీరునకు జాబు పంపుట, పూడ్చక మునుపే పునాదికి తనిఖీ కొలత స్వయముగా తీయుట. కలము చేతబట్టగనే నోరు అదుపులోనికి వచ్చును. "సారుగారు ఒప్పుకొన్నారు" అని కాంట్రాక్టరు చేయు బెదిరింపు చెల్లదు. తన సంతకము ప్రక్కన పై వాని సంతకము నిలుచునని యెఱిగిన చిన్న యుద్యోగి, దోషమును దాచక ఆనాడే వచ్చి చెప్పును. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు వదలినది 1967లో. అంత కాలము సాగు పనులలో అధికారులు మారుచుందురు, పుస్తకము నిలుచును.

తీరిక లేదందురా? కాంట్రాక్టరు తెచ్చిన కొబ్బరినీళ్లు త్రాగుటకు దొరకిన తీరిక నాలుగు పంక్తులు వ్రాయుటకు దొరకదా? మొదట చేయి వణకును, వణకనిండు. పెద్ద మొత్తముల దగ్గర నాకిప్పటికిని వణకుచునేయున్నది.

తక్కినవి మీరెఱిగినవే: కూలీలకు నీడయు నీరును చూడుడు, నలుగురిలో చిన్నవానిని మందలింపకుడు, 7వనాటి కాంక్రీటు క్యూబు బలము తగ్గినచో 28వనాటి కొఱకు కాచుకొనియుండక కారణము వెదకుడు.

రేపటి తనిఖీలో మొదటి యాదేశము నోట వెడలక మునుపే, సైట్ ఆర్డర్ పుస్తకమును అడిగి తెప్పించుకొనుడు.