ఆరంభపు బోనసు వడ్డీ: దాని లెక్క

షోలాపురము, భివండి, సేలము మొదలగు పట్టణములలో మన నేత కుటుంబములలో ఇంగ్లండుకు చదువులకో ఉద్యోగములకో బిడ్డలను పంపినవారికి ఈ పాఠము ముఖ్యముగా ఉపయోగపడగలదు.

అక్కడి బ్యాంకులలో ‘ఈజీ యాక్సెస్’ అను సేవింగ్సు ఖాతా కలదు. సొమ్ము ఎప్పుడైనను వేయవచ్చును, ఎప్పుడైనను తీయవచ్చును. గడువు లేదు. వడ్డీ రేటును మాత్రము బ్యాంకువారు మార్చుచుందురు. ఇట్టి ఖాతాలకు కొన్ని బ్యాంకులు మొదటి కొన్ని నెలలకు, సాధారణముగా పన్నెండు నెలలకు, కొంత అదనపు వడ్డీ కలిపి ప్రకటించును. ఇదియే ఆరంభపు బోనసు.

సహకార వస్త్రాలయములలోని పండుగ రిబేటు మనమెరిగినదే. రిబేటు ముగిసిన మరునాడు చీర పాత ధరకే వచ్చును. కొనువానికి ఆ సంగతి వెంటనే తెలియును. ఖాతా విషయమున అట్లు కాదు. ఖాతా నంబరు అదే, సొమ్ము అదే. వడ్డీ మాత్రము చడిచప్పుడు లేక దిగిపోవును.

ఊహకు రెండు ఖాతాలు తీసికొందము. మొదటిదానికి ప్రకటించిన రేటు 4.5 శాతము. విడదీసి చూచినచో మూల వడ్డీ 3 శాతము, బోనసు 1.5 శాతము. రెండవదానికి బోనసు లేదు, రేటు 4.2 శాతము. ఒక్కొక్కదానిలో 5,000 పౌండ్లు వేసినచో మొదటి యేడాది మొదటి ఖాతా 225 పౌండ్లు, రెండవది 210 పౌండ్లు ఇచ్చును. బోనసు ఖాతాకు 15 పౌండ్లు లాభము. పదమూడవ నెల మొదలు బోనసు ఖాతాకు నెలకు 12.50 పౌండ్లు, రెండవదానికి 17.50 పౌండ్లు. అనగా నెలకు 5 పౌండ్ల నష్టము. ఏడాది పొడుగునా వచ్చిన లాభము మూడే నెలలలో హరించిపోయినది! రెండేండ్లు కదలక యుండిన వానికి మొదటి ఖాతాలో 375, రెండవదానిలో 420 పౌండ్లు. (వడ్డీపై వడ్డీని ఇందు చేర్చలేదు.)

బ్యాంకు లాభము ఈ మరపులోనే యున్నది. 2015లో బ్రిటిషు ఆర్థిక నియంత్రణ సంస్థ తన పరిశీలనలో, క్రొత్త ఖాతాల కంటె పాత ఖాతాలకు తక్కువ వడ్డీ వచ్చుచున్నదనియు, ఖాతాదారులు అరుదుగా బ్యాంకు మార్చుదురనియు తేల్చినది. అట్లని బోనసు ఖాతా చెడ్డదనుట సరికాదు. పది నెలలలో కాలేజీకి కట్టవలసిన ఫీజు సొమ్మును దాచుకొనుటకు అంతకంటె తగినది దొరకకపోవచ్చును. ఏండ్ల తరబడి ఉంచదలచిన సొమ్మునకే చిక్కు.

మరియొక సంగతి. బోనసు భాగము స్థిరముగా నున్నను మూల వడ్డీ స్థిరము కాదు. పై ఉదాహరణలో ఆరవ నెలలో మూల వడ్డీ 2.5 శాతమునకు తగ్గినచో బోనసుతో కలిపి 4 శాతమే వచ్చును. కొన్ని బ్యాంకులు బోనసును క్రొత్త ఖాతాదారులకే ఇచ్చును. కొన్ని ఖాతాలలో ఏడాదికి ఇన్నిసార్లే సొమ్ము తీయవలెనను నిబంధన యుండును, మించినచో రేటు తగ్గును. ‘సులభము’ అను పేరు చూచి ఈ నిబంధనలను చదువక వదలరాదు.

ఇవన్నియు ‘సమ్మరీ బాక్సు’ అను పట్టికలో నుండును. 1,000 పౌండ్లు వేసినచో పన్నెండు నెలలకు ఎంతగునో అందు చూపుదురు. ఆ అంకెలో బోనసు కలిసియే యుండును గనుక రెండవ యేటికి అది పనికిరాదు. పట్టికలో బోనసు ముగియు తేదీని, తరువాతి రేటును వెదకవలెను.

మన దేశమున పద్ధతి వేరు. 2010 ఏప్రిల్ 1 నుండి రోజువారీ నిల్వపై వడ్డీ కట్టుచున్నారు. 2011 అక్టోబరు నుండి రేటును బ్యాంకులే నిర్ణయించుకొనుచున్నను, లక్ష రూపాయల లోపు నిల్వకు ఒక బ్యాంకు ఒకే రేటు నీయవలెను. కావున ఇక్కడి సేవింగ్సు ఖాతా అలవాటుతో అక్కడి ఖాతాను తెరచి మరచిపోవుట సహజము. ఇంగ్లండులోని బిడ్డకు ఫోను చేయునపుడు ఖాతా తెరచిన తేదీ అడిగి, పదకొండవ నెలను ఇంటి క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనుడు. రేటు తగ్గునని బ్యాంకువారు పంపు జాబు బిడ్డ పేరనే పోవును, మన యింటికి రాదు.