ఇంటిలో హింస: విశ్వాసి చట్టమును ఆశ్రయింపవచ్చునా?

పాఠ్యభాగములు: మలాకీ 2:13-16, అపొ. కార్యములు 25:9-12, కొలొస్స. 3:19-21



భర్త కొట్టుచున్నాడని ఒక సహోదరి చెప్పుకొనినప్పుడు, "ప్రార్థించి ఓర్చుకొనుము, కోర్టుకు పోవద్దు" అని సలహా ఇచ్చు అలవాటు మన సంఘములలో ఉన్నది. దీనికి 1 కొరింథీ. 6వ అధ్యాయమును చూపుదుము. అక్కడ పౌలు గద్దించినది ఒకరినొకరు మోసగించుకొనుచు వ్యాజ్యెమాడు సహోదరులను. దెబ్బలు తినుచున్న భార్యను కాదు. తన ప్రాణమునకే అపాయము వచ్చినప్పుడు ఆ పౌలే కైసరు న్యాయమును కోరెను. భార్యకు ద్రోహము చేయువాని అర్పణను దేవుడు అంగీకరింపడని మలాకీ హెచ్చరించెను. కనుక కాపుదల కోరుట అవిశ్వాసము కాదు.

1. భార్యకు కాపుదల

2005 నాటి గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. ఇది అన్ని మతముల స్త్రీలకు వర్తించును. దెబ్బలే గాక లైంగిక హింస, దూషణ, ఇంటి ఖర్చునకు డబ్బివ్వకపోవుట కూడ హింసయే. ఇల్లు ఆమె పేర లేకపోయినను ఆమెను అక్రమముగా వెళ్ళగొట్టరాదు. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తరువును భర్త మీరినచో ఒక సంవత్సరము వరకు జైలు, లేక 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

రాష్ట్రము దాటి పిల్లనిచ్చు మనకు ఒక సంగతి ముఖ్యము. హుబ్బళ్ళిలో కాపురమున్న కుమార్తె బరంపురములోని పుట్టింటికి వచ్చి తాత్కాలికముగా ఉన్నను, అక్కడనే దరఖాస్తు చేసికొనవచ్చును. ఆ ఉత్తరువు దేశమంతట చెల్లును.

2. క్రైస్తవ వివాహము

1869 నాటి విడాకుల చట్టము ప్రకారము భర్త క్రూరత్వము ఒక్కటే భార్యకు విడాకులు ఇప్పింపలేదు. దానితో వ్యభిచారమును కూడ రుజువు చేయవలసి ఉండెను. 2001 సవరణతో ఆ భారము తొలగినది. విడాకులు కోరనివారు కోర్టు తీర్పుతో వేరుగా ఉండవచ్చును.

3. పిల్లల క్షేమము

1890 నాటి గార్డియన్ చట్టము తండ్రి హక్కుకంటె బిడ్డ క్షేమమును పైన ఉంచును. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టమును కూడ కోర్టు విచారింపవచ్చును. గృహహింస కేసులో పిల్లలను తాత్కాలికముగా తల్లికి అప్పగింపవచ్చును. తండ్రి రాకవలన బిడ్డకు హాని కలుగునని తోచినచో మేజిస్ట్రేటు దానిని నిరాకరించును.

సంఘము చేయవలసినది

రాజీ పేరిట ఆమెను అపాయములోనికి తిరిగి పంపరాదు. పశ్చాత్తాపము భర్త నడతలో కనబడవలెను. ఆపదలో 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098 నంబర్లను ఆలయపు నోటీసు బోర్డుపై వ్రాయుదము. జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఇచ్చును. బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినచో పోలీసులకు తెలుపుట 2012 చట్టము ప్రకారము మన విధి. దానిని పెద్దల కమిటీలో సర్దుబాటు చేయరాదు.

చర్చించుడి

1. మన సంఘములో ఒక సహోదరి భయము లేకుండ ఎవరితో చెప్పుకొనగలదు?
2. రాత్రివేళ పిల్లలతో బయటికి వచ్చిన తల్లికి ఏ ఇంటి తలుపు తెరుచుకొనును?