మాటిమాటికి వదులగు బోల్టులు



జీపులు, ట్రాక్టరులు, సరకుల బండ్లు లేని గ్రామము ఇప్పుడు అరుదు. వాటిని నడపువారును, బాగుచేయు యౌవనులును మన మధ్య అనేకులున్నారు. కావున ఈ నెల పాఠములో ఒక చిన్న వస్తువును గూర్చి ఆలోచింతము. ఇంజను బలమును వెనుక చక్రములకు చేరవేయు పొడుగైన గొట్టమును ప్రొపెల్లర్ షాఫ్టు అందురు. దాని వెనుక కొన, ఇరుసు దగ్గర, ఫ్లాంజి అను గుండ్రని బిళ్లకు నాలుగు బోల్టులతో బిగింపబడి యుండును. ఆ బోల్టులు ఎంత బిగించినను మరల వదులగుచుండిన యెడల ఏమి చేయవలెను?

మేము ఈ పాఠమును పుస్తకములో గాక బండి క్రింద పండుకొని నేర్చుకొంటిమి. మేము గ్రామములకు తిరుగు పాత జీపునకు షాఫ్టులోని క్రాసు అరిగిపోగా, పట్టణములో ఒక షెడ్డునందు క్రొత్తది వేయించితిమి. రెండు వారములకే క్రిందినుండి టకటక శబ్దము వచ్చెను. చూడగా రెండు నట్లు వదులు. జీపు నడపు కుర్రవాడు వాటిని బిగించెను. పది దినములకు మరల వదులు. ఈసారి అతడు ఒక్కొక్క నట్టు క్రింద రెండేసి స్ప్రింగు వాషర్లు వేసి, పానాకు గొట్టము తగిలించి, తన బలము కొలది బిగించెను. మేమైతే ఇదంతయు అతని అజాగ్రత్త అని తలంచి నలుగురి యెదుట కోపపడితిమి. "అయ్యగారూ, నేను బిగించానండీ, నమ్మండి" అని మాత్రము అతడనెను.

మూడవ మారు చెరువు కట్ట ఎక్కుచుండగా షాఫ్టు వెనుక కొన ఊడి పెద్ద చప్పుడుతో నేలను తాకెను. బండిలో మేము గాక ఆరుగురుండిరి. వారిలో ఒక సోదరి నిండు గర్భిణి. కొన్ని పాత జీపులలో హ్యాండు బ్రేకు చక్రముల యొద్ద ఉండదు, గేరు బాక్సు వెనుక, షాఫ్టు మొదటనే ఉండును. మా జీపు అట్టిది. ముందు చక్రముల గేరు వేసియుండలేదు గనుక, షాఫ్టు ఊడిన వెంటనే గేరును పట్టలేదు, హ్యాండు బ్రేకును పట్టలేదు. కుర్రవాడు రెండు కాళ్లతో కాలి బ్రేకు తొక్కి నిలుపగా, మేము దిగి చక్రముల క్రింద రాళ్లు పెట్టితిమి.

మరునాడు పొరుగూరి నుండి వృద్ధుడైన ఒక మేస్త్రిని పిలిపించితిమి. ఆయన పానా తీయనే లేదు. ఫ్లాంజి అంచును వ్రేలితో తుడిచి మాకు చూపెను. వ్రేలికి కుంకుమ వంటి ఎర్రని పొడి అంటెను. "ఇది వాన తుప్పు కాదండీ. రెండు బిళ్లలూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటున్నాయి. బోల్టు ఎందుకు వదులైందని కాదు, బిళ్ల ఎందుకు కదిలిందని అడగాలి" అనెను.

ఈ మాట మనము చక్కగా గ్రహింపవలెను. బోల్టు మేకు వంటిది కాదు. బిగించినప్పుడు అది స్ప్రింగువలె రవంత సాగి, తిరిగి కురచ కావలెనని రెండు బిళ్లలను అదిమి పట్టును. ఆ అదుముట వలన కలుగు రాపిడియే బలమును మోయును. బిళ్లలు వెంట్రుకవాసి ప్రక్కకు జారినను, జారిన ప్రతిసారి నట్టు కొంచెము కొంచెము వెనుకకు తిరుగును. గెర్హార్డ్ యుంకర్ అను ఇంజనీరు 1969లో దీనిని యంత్రముతో పరీక్షించి ప్రకటించెను. నిలువు అదురు కంటె అడ్డముగా జారుటయే బోల్టులను పూర్తిగా వదులు చేయునని ఆయన చూపెను. స్ప్రింగు వాషరు దీనిని ఆపజాలదు. గట్టిగా బిగించిన తరువాత అది చదునై ఉత్త వాషరు అగుచున్నది. రెండు వేసితిమని సంతోషించుట వృథా.

కావున మొదట తెల్లరంగుతో నట్టు మీదుగా ఫ్లాంజి వరకు ఒక గీత గీయుడి. కొన్ని దినములు నడిపిన తరువాత గీత తెగియుండిన యెడల నట్టు తిరిగినది, బిళ్లలు జారుచున్నవి. గీత చెడక బోల్టు మాత్రము వదులైన యెడల నట్టు తిరుగలేదు. అప్పుడు బిళ్లల మధ్య రంగు గాని మట్టి గాని నలిగి అణగినది, లేదా బోల్టే సాగిపోయినది. సాగిన బోల్టును క్రొత్తదాని ప్రక్కన పెట్టిన యెడల మర చుట్లు కలియవు. దానిని పారవేయవలెను.

మా జీపునకు గీత తెగెను. మేస్త్రి షాఫ్టును చేతితో పట్టి ఊపెను. క్రాసులో ఆట లేదు. ఇరుసు పినియనును ఊపెను, అక్కడను లేదు. గేరు బాక్సు క్రింది రబ్బరులు బాగుగనే యున్నవి. తరువాత షాఫ్టు నడిమి భాగమును గుడ్డతో తుడిచెను. షాఫ్టు రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి పండ్లమీద జారుచుండును. రెంటిమీదను బాణపు గుర్తులుండును. అవి ఎదురెదురుగా నుండవలెను. మా షాఫ్టులో ఒక పన్ను తప్పియున్నది! క్రాసు వేసిన దినమున గుర్తు చూడక కలిపిరి. షాఫ్టు వాలుగా నుండుట వలన ఒక క్రాసు ప్రతి చుట్టునకు రెండు మార్లు వేగము హెచ్చించి, రెండు మార్లు తగ్గించును. రెండవ క్రాసు సరిగా ఎదురు నిలిచిననే ఆ హెచ్చుతగ్గులు పోవును. పన్ను తప్పినందున అవి పూర్తిగా పోక ఇరుసును కుదుపుచుండెను. నాలుగు బోల్టులును ఆ కుదుపును ఎడతెగక ఓర్చుకొనుచుండెను.

దీనికి తోడు ఆ షెడ్డులో వేసిన బోల్టులు తలవరకు మర గలవి. అసలు బోల్టులకు రంధ్రములో కూర్చుండు భాగము నున్నగా, నిండుగా నుండును. తలమీద 8.8 అని గాని 10.9 అని గాని అంకె లేని బోల్టును షాఫ్టునకు ఎన్నడును వాడకుడి. ధర తక్కువ అని దుకాణదారుడు చెప్పినను వినకుడి.

మేస్త్రి బాణములను కలిపెను. ఫ్లాంజి ముఖము మీది రంగును గోకి, జిడ్డు లేకుండ తుడిచెను. రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగినవేమోయని చూచెను. అట్లుండిన యెడల ఫ్లాంజినే మార్చవలసి వచ్చును. వదులైనవి ఎన్నియైనను నాలుగు బోల్టులు, నాలుగు నట్లు క్రొత్తవే వేసెను. నైలాను కట్టు గల నట్టును ఒకసారి విప్పిన తరువాత మరల వాడరాదు. ఒకదాని తరువాత దాని ఎదుటి దానిని, కొంచెము కొంచెముగా, కొలత చూపు పానాతో బిగించెను. చేతి బలమును నమ్మరాదు. ఏలయనగా మనము పెట్టు బలములో నూటికి సుమారు 90 పాళ్లు తల క్రిందను మరలోను రాపిడికే పోవును. సుమారు 10 పాళ్లే బోల్టును సాగదీయును. మరకు నూనె తగిలినచో ఈ లెక్క మారి, అదే బిగింపునకు బోల్టు మితిమీరి సాగును. గనుక నూనె రాయవలెనో కూడదో బండి పుస్తకము చెప్పినట్లే చేయుడి.

ఆ సాయంకాలమే, నలుగురి యెదుట అన్న మాటను నలుగురి యెదుటనే వెనుకకు తీసికొంటిమి. కుర్రవాడు తల వంచుకొని, "గీత నేనే గీస్తానండీ" అనెను. ఇప్పుడు ప్రతి శనివారము అతడు బండి క్రిందికి దూరి ఆ నాలుగు గీతలను చూచుచున్నాడు. ఒకటియు తెగలేదు.