కొత్త అక్వేరియంలో చేపలను కాపాడుకోవడం

అలంకరణ చేపల దుకాణానికి బ్యాంకు ఋణం పొందినవారు ఒక మంచిరోజు చూచి ప్రారంభోత్సవం జరుపుతారు. ఆనాటికి అద్దపు తొట్లన్నీ రంగురంగుల చేపలతో నిండి ఉండాలని కోరుకోవడం సహజమే. అయితే నష్టానికి బీజం పడేది కూడా ఆ రోజుననే. వారం, పది రోజులు గడిచేసరికి చేపలు నీటి పైకి చేరి నోళ్ళు తెరుస్తూ ఒక్కొక్కటిగా చనిపోతుంటాయి. నీరు మాత్రం తేటగానే కనిపిస్తుంది. యజమాని సరఫరాదారును నిందిస్తాడు, లేదా ఏదో రోగమనుకొని మందులు పోస్తాడు. చాలా సందర్భాలలో అసలు కారణం తొట్టి కొత్తది కావడమే.

చేపలు మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమోనియాయే పుడుతుంది. ఇది వాటికి విషం. పాత తొట్టిలో ఒక రకం బాక్టీరియా దీనిని నైట్రైట్‌గాను, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గాను మారుస్తాయి. ఫిల్టర్ స్పాంజిని, అడుగున పరచిన గులకరాళ్ళను ఆశ్రయించి ఇవి పెరుగుతాయి. కొత్త తొట్టిలో తగినంతగా వృద్ధి చెందడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. ఈలోగా పేరుకొనే నైట్రైట్ కూడా ప్రమాదకరమే. అది రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. అందుచేతనే గాలి పంపు చక్కగా పనిచేస్తున్నా చేప ఊపిరాడక తల్లడిల్లుతుంది. క్షారగుణం అధికంగా ఉన్న బోరు నీటిలోను, వేసవి వేడిలోను అమోనియా విషప్రభావం మరింత పెరుగుతుందని గుర్తుంచుకోండి.

కావున తొట్టిని ఒకేసారి నింపవద్దు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో అంచు వరకు 54 లీటర్ల నీరు పడుతుంది. అందులో మొదట నాలుగైదు గప్పీలనో, ప్లాటీలనో మాత్రమే వదలండి. గోల్డ్‌ఫిష్ విసర్జించే మలినం ఎక్కువ కనుక దానితో ప్రారంభించకండి. పరీక్ష కిట్‌తో చూచినప్పుడు అమోనియా, నైట్రైట్ కనిపించకపోతేనే మరికొన్నింటిని చేర్చండి. రోగాలు లేని పాత తొట్టిలో వాడిన స్పాంజి దొరికితే కొత్త ఫిల్టర్‌లో అమర్చండి. వారాల తరబడి నిరీక్షణ చాలావరకు తగ్గుతుంది. మా దృష్టిలో ఇంతకు మించిన చౌకైన ఉపాయం లేదు.

మేత రెండు మూడు నిమిషాలలో తినగలిగినంతే వేయండి. అమోనియా కనిపిస్తే నాలుగవ వంతు నీటిని మార్చండి. మునిసిపల్ నీటిలోని క్లోరిన్‌ను ముందుగా తొలగించాలి. బోరు నీటిని రాత్రంతా గాలి పంపుతో కదిలించి వాడాలి. స్పాంజిని కుళాయి క్రింద కడిగితే మేలుచేసే బాక్టీరియా నశిస్తుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ పంపు ఒకటి తప్పక ఉండాలి.

ఇక ఋణం సంగతి. తొలి ఆరు వారాలలో అమ్మకాలు స్వల్పమని ప్రాజెక్టు నివేదికలోనే వ్రాయండి. మొదటి వాయిదాను ఆ తరువాతకు నిర్ణయించమని, చేపల కొనుగోలు సొమ్మును విడతలుగా విడుదల చేయమని శాఖా మేనేజరును కోరడానికి మొహమాటపడవద్దు. చెన్నైలోని కొళత్తూరు వంటి కేంద్రాల నుండి వచ్చే చేపలను రెండు వారాలు వేరు తొట్టిలో ఉంచి, మచ్చలేవీ లేవని నిర్ధారించుకొన్నాకే అమ్మకానికి పెట్టండి.

తొట్టి కొన్నవారికి అదే రోజున డజను చేపలు అమ్మడం లాభసాటిగానే తోచవచ్చు. అవి చనిపోతే ఆ ఇంటివారు మళ్ళీ మీ దుకాణానికి రారు. మొదట తొట్టి, ఫిల్టర్, మీ పాత స్పాంజి ముక్క ఒకటి ఇచ్చి పంపండి. వారం తరువాత రెండు మూడు చేపల కొరకు రమ్మనండి.